పరిగెత్తని పిల్ల

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరి ఫిర్యాదూ ఇంచుమించు ఒకటే. "మా బడిలో గోల్స్ అన్నీ కొట్టేది ఒక పిల్ల సార్. సెలక్షన్లకు తీసుకుపోతే పేరు కూడా రాసుకోలేదు. పొడుగు పిల్లల్ని, గట్టిగా పరిగెత్తేవాళ్లని ఏరుకున్నారు. ఇదేం న్యాయం?" అంటారు. సెలెక్టర్లను నాలుగు తిట్లు తిడితే వాళ్లకు ఊరట అని నాకు తెలుసు. నేనూ చాలా ఏళ్లు తిట్టినవాణ్నే. అయితే ఒక పిల్ల విషయంలో మాత్రం తప్పు సెలెక్టరుది కాదు, నాది. అది చెబుతాను.

తొంభైల చివరలో నన్ను శింగనమల వైపు ఒక ఉన్నత పాఠశాలకు వేశారు. నేను కబడ్డీ మనిషిని. ఫుట్‌బాల్ ఆడింది లేదు, ఆడగా సరిగ్గా చూసింది లేదు. ఆ ఏడు పైనుంచి బడికి రెండు ఫుట్‌బాళ్లు వచ్చాయి. పిల్లలకు నేర్పమని కాగితం కూడా వచ్చింది. ఎలా నేర్పాలో కాగితంలో లేదు.

నాకు తెలియనిది ఏదైనా పుస్తకంలో ఉంటుందని నా నమ్మకం. నా చదువు పదో తరగతి, ఆపైన వ్యాయామ శిక్షణ. మిగిలినదంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే. ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సెక్కి అనంతపురం పోయి లైబ్రరీలో కూర్చునేవాణ్ని. అట్టలేని ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది, ఫుట్‌బాల్ ఎలా నేర్పాలో చెప్పేది. పక్కన డిక్షనరీ పెట్టుకొని, శనివారానికి నాలుగైదు పేజీలు చొప్పున నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. అది పూర్తయ్యేసరికి ఏడాది పట్టింది. ఆ నోటుబుక్కు చంకలో లేకుండా నేను గ్రౌండులో అడుగుపెట్టేవాణ్ని కాదు.

మా లెక్కల సారుకు అదొక వేడుక. "ఏమప్పా, బంతిని తన్నేకి కూడా డిక్షనరీ కావల్నా? బంతికి ఇంగ్లీషు వస్తుందా?" అని స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. లోపల మాత్రం, జిల్లాలో ఇంత చదివి ఆట నేర్పేవాడు ఇంకొకడు ఉండడనుకునేవాణ్ని.

మా గ్రౌండు గరుసు నేల. పడితే మోకాలి చిప్ప లేచిపోతుంది. నీలగిరి కర్రలు పాతి గోలు స్తంభాలు చేసుకున్నాం. మగపిల్లలు క్రికెట్ వదిలి రాలేదు. ఆడపిల్లలు వచ్చారు. ఓణీలు నడుముకు చుట్టుకొని, ఉత్త కాళ్లతో ఆడేవాళ్లు.

వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. గొర్రెలు కాచే ఇంటి పిల్ల. పొట్టిగా, బక్కగా ఉండేది. మిగతా పిల్లలు బంతి ఎటు పోతే అటు గుంపుగా ఉరికేవాళ్లు, దుమ్ము లేచి ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఈ పిల్ల ఆ దుమ్ములో ఉండేది కాదు. చేతులు వెనక్కి కట్టుకొని ఒక పక్కన నిలబడి ఉండేది. బంతిని కూడా చూసేది కాదు, తన్నేవాళ్ల నడుముల వైపు, కాళ్ల వైపు చూసేది. ఉన్నట్టుండి నాలుగడుగులు వేసి ఇంకోచోట నిలబడేది. బంతి సరిగ్గా అక్కడికే వచ్చేది. కాలితో లోపలికి నెట్టేది. అంతే, గోలు.

మొదట్లో నేను అరిచేవాణ్ని. "నిలబడి ఏం చూస్తాండావే? పరిగెత్తు!"

"బాలు ఈడికే వస్తుంది కదా సార్," అనేది.

వచ్చేది కూడా. గార్లదిన్నె జట్టు మీద కొట్టింది. బత్తలపల్లె జట్టు మీద కొట్టింది. పదో తరగతికి వచ్చేసరికి ఆమె గోలు కొట్టని మ్యాచ్ గుర్తు చేసుకోవాలంటే కష్టం. కానీ ఒక్క గోలుకు కూడా జనం చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. ఎందుకంటే అన్నీ రెండడుగుల దూరం నుంచి కొట్టినవే. ఆ చోట ఎవరున్నా కొట్టేస్తారు అనిపిస్తుంది. అవతలి బడి సార్లు "మీ పిల్లకు అదృష్టం బాగుందప్పా" అనేవాళ్లు. నేను కూడా సగం అదే అనుకునేవాణ్ని. ఆమె చేసే పని అంత సులువుగా కనిపించేది. ఆ చోటికి ముందుగా ఇంకెవరూ ఎందుకు పోవడం లేదు అన్న ప్రశ్న మా ఎవరికీ రాలేదు. కష్టపడుతున్నట్టు కనిపించని పనిని పని కింద లెక్కవేయడం మనకు చేతకాదేమో.

పదో తరగతి పరీక్షలు అయ్యాక సెలక్షన్లు వచ్చాయి. అనంతపురం పట్నంలో ఒక ఆటల హాస్టలు ఉండేది. ఎంపికైన పిల్లలకు రెండేళ్లు తిండి, బట్ట, ఇంటర్మీడియట్ చదువు ఉచితం. ఆ పిల్లకు చదువు సాగాలంటే అదొక్కటే దారి. వాళ్ల నాయన ముందే నాతో చెప్పాడు. "సీటు వస్తే పంపిస్తా సార్. రాకుంటే జీవాలెంట వస్తుంది. వాన లేదు, ఈ ఏడు మంద తోలుకొని యాడికన్నా పోవల్ల. మనుషులు చాలరు." జీవాలంటే మా వైపు గొర్రెలూ మేకలూ. ఆయన మాటలో దాపరికం లేదు, బెదిరింపూ లేదు.

నాకు భయం పట్టుకుంది. సెలెక్టరు చూసేది అరగంట. ఆ అరగంటా ఈ పిల్ల చేతులు కట్టుకొని నిలబడితే? నోటుబుక్కు తిరగేశాను. మంచి ఆటగత్తె బంతి తన దగ్గర లేనప్పుడు కూడా మైదానమంతా పరిగెత్తుతూ ఉండాలని, ఎంపిక చేసేవాళ్లు ముందు చూసేది అదేనని అందులో రాసి ఉంది. నా చేత్తోనే రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను. సెలక్షన్లకు ముందు రోజు ఆ పేజీ ఆమెకు చూపించి, చదివి వినిపించాను.

"రేపు నువ్వు ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. తెలిసిందా?"

ఆ పేజీ వైపు కాసేపు చూసింది. "సరే సార్," అంది.

పట్నం గ్రౌండులో షామియానా వేశారు. ఆ హాస్టలుకు పిల్లల్ని ఎంచేది ఒక కాలేజీ ఫిజికల్ డైరెక్టరు. అందరం పీడీ గారు అనేవాళ్లం. జుట్టు తెల్లబడిన మనిషి, మెడలో విజిలు, చేతిలో అట్ట. ముందు ఎత్తు కొలిచారు, బరువు తూచారు. ముప్పై మీటర్ల పరుగు పెట్టారు. అందులో ఆమె వెనకబడుతుందని నాకు తెలుసు. తరువాత జట్లు చేసి అరగంట ఆడించారు.

ఆ అరగంటా ఆ పిల్ల పరిగెత్తింది. అంత పరుగు నేను మూడేళ్లలో చూడలేదు. బంతి కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. మొహం ఎర్రబడింది, రొప్పుతోంది. ఒకసారి బంతి గోలు ముందుకు దొర్లుకుంటూ వచ్చి ఖాళీగా ఆగింది. ఎప్పుడూ ఆమె నిలబడే చోటే అది. ఆమె అప్పటికే దాన్ని దాటి పది గజాలు ముందుకు పోయి ఉంది. ఇంకోసారి కూడా అంతే. నేను గట్టు మీద నిలబడి, ఎంత బాగా పరిగెత్తుతోందో అని సంతోషపడుతున్నాను. చూడండి నా తెలివి.

పేర్లు చదివారు. ఆమె పేరు లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊళ్లు దాటుతున్నాయి.

"కోపమా సార్?" అంది చివరికి.

"కోపమెందుకమ్మా. ఈ పొద్దు ఏమాయె నీకు? ఒక్క గోలన్నా పడలేదే."

"బాలు వచ్చే తావు కనబడతానే ఉండె సార్. ఆడ నిలబడదామంటే మీరు నిలబడొద్దంటిరి. దాటుకొని పోతాంటి."

ఆమే మళ్లీ అంది. "జీవాల ఎంట పరిగెత్తితే అవి ఇంగా బెదురుతాయి సార్. అవి యా పక్క మళ్లుతాయో చూసుకొని, ముందే పోయి ఆడ నిలబడల్ల. అప్పుడు అవే వస్తాయి. బాలు కూడా అంతే."

"ఇంత తెలిసి మరి నాతో నిన్ననే ఎందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల నా చంకలోని నోటుబుక్కు వైపు చూసింది. "మీరు పుస్తకంలో చూసి చెప్పినారు కదా సార్. నాది ఉత్త జీవాల కాడి తెలివి."

నేను ముఖం అటు తిప్పుకున్నాను. చదువుకున్నానన్న గర్వం నాకు అంతవరకు చాలా సుఖంగా ఉండేది. ఆ బస్సులో మొదటిసారి అది బరువుగా తోచింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది రాసినాయన ఆ పిల్లను చూడలేదు, అంతే. రోజూ చూసిన నేను, చూడని మనిషి మాట విన్నాను.

మర్నాడు మళ్లీ పట్నం పోయి పీడీ గారిని వాళ్ల ఇంటి దగ్గర పట్టుకున్నాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సార్, చెప్పొద్దు. మీ పిల్ల బంగారం, నా కండ్లు మూసుకపోయినాయి. అంతే కదా? పొద్దున్నించి మీరు మూడో మనిషి."

"కాదు సార్, తప్పు నాది," అని జరిగింది జరిగినట్టు చెప్పాను. నోటుబుక్కు సంగతి, బస్సులో మాటలు, అన్నీ.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గోల్స్ కొట్టిందంటారు. ఎవరి మీద? ఊళ్లో పిల్లల మీద. దాన్ని నేను ఎట్ల లెక్కపెట్టేది? రేపు ఎవరన్నా అడిగితే ఎత్తు చూపిస్తా, పరుగు చూపిస్తా. నిలబడిందని చూపించల్నా?" అన్నాడు. మళ్లీ నా వైపు చూసి, "తప్పు నాదని చెప్పుకుంటా వచ్చిన మనిషిని మాత్రం ఇదే చూడటం. ఆదివారం వస్తా. ఆ పిల్లకు చెప్పొద్దు. మీరు నోరు తెరవొద్దు," అన్నాడు.

ఆదివారం స్కూటరు మీద వచ్చాడు. గ్రౌండు అవతల సర్కారు తుమ్మల నీడలో నిలబడ్డాడు. నేను పిల్లల్ని పిలిచి, ఎప్పటిలా మీకు తోచినట్టు ఆడుకోండి అన్నాను. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. పావుగంట గడిచింది. బంతి ఆమె వైపు రాలేదు. పీడీ గారు గడియారం చూసుకున్నాడు. పరిగెత్తు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ పావుగంట నోరు మూసుకున్నంత కష్టమైన పని నేను చేయలేదు.

అప్పుడు నాలుగడుగులు వేసింది. బంతి వచ్చింది. గోలు.

పీడీ గారు మళ్లీ గడియారం చూసుకోలేదు. మూడో గోలు పడ్డాక నా వైపు తిరిగాడు. "మొన్న నా ముందర పరిగెత్తిన పిల్ల ఈ పిల్లేనా?" అని, తల అడ్డంగా ఊపాడు. "జాబితా పైకి పోయింది సార్. ఇప్పుడు నేనేం చేయలేను. అయితే ప్రతి ఏడూ ఒకరిద్దరు ఇంటి మీద బెంగతో హాస్టలు వదిలి పోతారు. ఆ ఖాళీకి ముందు ఈ పిల్ల పేరే రాస్తా."

జూన్ గడిచింది. వాన పడలేదు. చెనిక్కాయ విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. ఆ పిల్లా, వాళ్ల అమ్మా నాయనా మందను తోలుకొని ఊరు విడిచారు. జూలైలో ఒక శుక్రవారం బడికి ఉత్తరం వచ్చింది. ఖాళీ వచ్చిందనీ, సోమవారం సాయంత్రంలోగా తండ్రిని వెంటబెట్టుకొని చేరాలనీ, లేకుంటే సీటు ఇంకొకరికి పోతుందనీ. కింద పీడీ గారి సంతకం.

మంద ఎక్కడుందో ఎవరికీ తెలియదు. "ఉత్తరం పక్క పోయినారు" అన్నారంతే. శనివారం తెల్లవారి సైకిలేసుకొని బయలుదేరాను. ఒక ఊళ్లో అడిగితే, మొన్న ఈడ ఉండిరి అన్నారు. ఇంకో ఊళ్లో, నిన్న పోయిరి అన్నారు. గార్లదిన్నె దాటాక ఒక ముసలాయన, "పొద్దున ఈ దావనే పోయినారప్పా, లేదు ఆ దావనేమో" అన్నాడు. ఆ దావన పోయి ఇంకో మందను పట్టుకున్నాను, వీళ్లది కాదు. సాయంత్రానికి సైకిలు చైను తెగింది, నా ప్రాణం సగం పోయింది.

రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చొని ఆలోచించాను. మంద వెనక పడితే లాభం లేదని అప్పటికి బుద్ధి వచ్చింది. ఎండిన నేలలో జీవాలకు ముందు కావలసింది నీళ్లు. ఆ దిక్కున నీళ్లంటే పామిడి దగ్గర పెన్న నదే. ఏరు పారకపోయినా ఇసుకలో చెలమ తోడితే నీళ్లు ఊరుతాయి. ఎటు తిరిగినా అక్కడికి రాక తప్పదు. ఆదివారం పొద్దున్నే బస్సులో పోయి ఏటి గట్టు మీద కూర్చున్నాను. అటూ ఇటూ పోయి వెతకాలని కాళ్లు పీకుతున్నా కదల్లేదు.

మధ్యాహ్నం దాటాక దుమ్ము కనిపించింది. ముందు గొర్రెలు, తరువాత వాళ్ల నాయన, వెనక తల్లి. అందరికంటే పక్కగా ఆ పిల్ల, చేతిలో కట్టె.

"సార్!" అంది. "ఈడికెట్ల వచ్చినారు?"

ఉత్తరం తీసి వాళ్ల నాయనకు చదివి వినిపించాను. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏమ్మే, పోతావా?"

ఆ పిల్ల మందను చూస్తూ నిలబడింది. ఆమె పోతే ఆ పక్కన ఎవరుంటారన్నది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"మాటంటే మాటే సార్," అన్నాడాయన. "సీటొస్తే పంపిస్తానంటి. నా బామ్మర్దిని పిలిపించుకుంటా, రెండు దినాల్లో వస్తాడు. కానీ రేపు నేను ఎంట పోవల్లంటిరే. ఇంత మందను ఆడది ఒకతే ఎట్ల తిప్పుతుంది?"

"నేనుంటాను," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "డ్రిల్లు సారు జీవాలు కాస్తాడంట!" అంది ఆ పిల్ల, సెలక్షన్ల తరువాత మొదటిసారి నవ్వుతూ. పోయే ముందు తన కట్టె నా చేతిలో పెట్టింది.

సోమవారం నేను గొర్రెలు కాచాను. పొద్దున్నే ఒక పది గొర్రెలు గట్టు ఎక్కి ఎవరిదో బావి కింది జొన్నచేను వైపు పోయాయి. నేను వాటి వెనక పరుగు లంకించుకున్నాను. పది కాస్తా నలభై అయ్యాయి.

"ఊరకే ఉండు సామీ!" అని ఆ తల్లి ఏట్లోంచి అరిచింది. "నీకు దండం పెడతా, ఆ రాయి కాడ పోయి నిలబడు!"

పోయి నిలబడ్డాను. కొంతసేపటికి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆమె దగ్గరికి వచ్చి, "పదో తరగతి దాకా నువ్వే చెప్తివా సార్ నా బిడ్డకి?" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో, నిజంగా అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తరువాత సంగటి ముద్ద పెట్టి, చారు పోసింది.

మంగళవారం మధ్యాహ్నం వాళ్ల నాయన తిరిగొచ్చాడు. చెలమ దగ్గర కూర్చొని కడుపునిండా నీళ్లు తాగాడు. నేనూ ఆ తల్లీ ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"చేర్చుకున్నారు," అన్నాడు. "పండుకునేకి ఇనప మంచం ఇచ్చినారు. పెట్టె కూడా ఇచ్చినారు."

ఆ తల్లి కళ్లు తుడుచుకుంది.

"సాయంత్రం ఆడించినారు సార్," అని ఆయన నా వైపు తిరిగాడు. "నన్నూ చూసి పొమ్మంటే కూచుంటి. నాకేం తెలుసు ఆ ఆట? అందరు పిల్లోళ్లూ ఉరుకుతాండారు. మనది చేతులు కట్టుకొని నిలబడుకొని ఉండాది. అందరి ముందర నాకు తల కొట్టేసినట్లాయె. లేసి అరిచినా సార్, పరిగెత్తే, పరిగెత్తే అని!"

"అరిచినావా!" అన్నాను.

"అరిచినా. ఆ తెల్లజుట్టాయన గబగబా వచ్చి, నా చెయ్యి పట్టుకొని కూచోబెట్టినాడు. గమ్మునుండప్పా, ఆ పిల్లను ఏమనొద్దు, నువ్వు ఊరకే చూడు అన్నాడు."